సైన్స్ ఎగ్జిబిషన్‌కు ఏ ట్యాంకు చెయ్యాలి? పాటన్ నుంచి జొరావర్ దాకా ఒక పోలిక

దసరా సెలవులు అయిపోయి బళ్లు తెరిచారంటే సైన్స్ ఎగ్జిబిషన్ హడావుడి మొదలవుతుంది. వారం తిరక్కుండా ఎవరో ఒక పిల్లవాడు స్టాఫ్‌రూం గుమ్మం పట్టుకుని నిలబడతాడు. "సార్, నేను ట్యాంకు చేస్త. ఏది చెయ్యాలె?" హనుమకొండ, పరకాల, నర్సంపేట దిక్కు బళ్లలో ఫిజిక్స్ చెప్పినన్నేళ్లూ ఈ ప్రశ్న రాని సంవత్సరం లేదు. ఈ రాత ఆ పిల్లల కోసం, వాళ్లకు గైడ్‌గా ఉండే టీచర్ల కోసం.

ముందే నా సలహా చెప్పేస్తాను. ఒక్క ట్యాంకు చెయ్యకండి, జత చెయ్యండి. ఒకటి సైన్యం పక్కన పెట్టినది, రెండోది దాని చోట వచ్చినది. ఒక్క ట్యాంకు పెడితే అది బొమ్మ. రెండు పక్కపక్కన పెడితే పాతది ఎందుకు పోయిందన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది. దానికి జవాబు చెప్పగలిగితే ఫిజిక్స్ వచ్చినట్టే. ఇక మిగిలింది ఏ జత అన్నదే. నాలుగు జతలున్నాయి. నాలుగింటికీ ఒకే కష్టం లేదు, ఒకే ఫలితమూ లేదు.

జతల్లోకి వెళ్లేముందు పుట్టుక సంగతి రెండు ముక్కల్లో. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని సోమ్ నది దగ్గర బ్రిటిష్ సైన్యం మార్క్-1 ట్యాంకులను మొదటిసారి యుద్ధంలో దింపింది. 28 టన్నుల బరువు, మనిషి నడిచినంత వేగం. తయారుచేసేటప్పుడు గుట్టు బయటపడకుండా అవి నీళ్ల ట్యాంకులని చెప్పుకున్నారు, ఆ పేరే నిలిచిపోయింది. మరుసటి ఏడాది ఫ్రెంచివాళ్ల రెనో ఎఫ్‌టీ వచ్చింది. ముందు డ్రైవరు, నడుమ ఫిరంగితో చుట్టూ తిరిగే టరెట్ (పై గది), వెనక ఇంజను. నూరేళ్లు దాటినా చాలా ట్యాంకులది ఇప్పటికీ అదే అమరిక. మీరు చేయబోయే మోడల్ కూడా అంతే.

అప్పటి నుంచీ తరం మారిన ప్రతిసారీ లెక్క మూడింటి మధ్యే నడిచింది: గుండు, కవచం, కదలిక. ఎదుటివాడి కవచం మందమైతే మన గుండు పెద్దది కావాలి. వాడి గుండు పెద్దదైతే మన కవచం మందం కావాలి. కవచం పెరిగితే బరువు పెరుగుతుంది, దాన్ని లాగడానికి ఇంజను పెరగాలి. మూడూ ఒకేసారి నిండుగా ఏ ట్యాంకులోనూ కుదరలేదు. ఎక్కడ ఏది వదులుకున్నారో చూపించడమే మీ ప్రాజెక్టు.

పాటన్, సెంచూరియన్: బురద లెక్క

ఈ రెండూ ఒకదాని చోట ఒకటి వచ్చినవి కావు, ఎదురెదురుగా నిలబడ్డవి. 1965 యుద్ధంలో పాకిస్తాన్ దగ్గరున్న అమెరికన్ పాటన్లు ఆ రోజుల్లో చాలా కొత్తవి. 90 మిల్లీమీటర్ల ఫిరంగి, దూరం కొలిచే యంత్రం, గురిని లెక్కగట్టే ఏర్పాటు ఉన్నాయి. మన వైపు బ్రిటిష్ సెంచూరియన్లు, రెండో ప్రపంచ యుద్ధం నాటి షెర్మన్లు, తేలికైన ఏఎంఎక్స్-13లు. కాగితం మీద చూస్తే పాటన్‌దే పైచెయ్యి. సెప్టెంబరు 8 నుంచి 10 దాకా పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర జరిగింది వేరు. మనవాళ్లు పొలాలకు నీళ్లు వదిలి, చెరుకు తోటల్లో మాటు వేశారు. పాటన్లు బురదలో దిగబడిపోయాయి. జీపుకు బిగించిన 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ తుపాకీతో అబ్దుల్ హమీద్ వాటిని ఒకదాని తర్వాత ఒకటి కొట్టి, అక్కడే ప్రాణం విడిచాడు. ఆయనకు పరమవీర చక్ర వచ్చింది. పట్టుబడ్డ పాటన్లను నిలిపిన చోటుకు పాటన్ నగర్ అన్న పేరే పడింది.

బురద సంగతి మన పిల్లలకు చెప్పాల్సిన పనిలేదు, చూపిస్తే చాలు. ఒక ఏడాది మా బడి పిల్లవాడు ట్యాంకు తెచ్చి బల్ల మీద పెట్టాడు. జడ్జి వచ్చి, "ఇంత బరువు బండి నేలలోకి కుంగిపోదా?" అని అడిగారు. పిల్లవాడు నోరు విప్పలేదు. నేను నేర్పలేదు కాబట్టి వాడికి రాలేదు. ఆ బాధ నన్ను చాన్నాళ్లు తొలిచింది.

మరుసటి యాసంగి కోతలప్పుడు చెడగొట్టు వాన పడింది. మా బడి వెనక మడిలో వరి కోసే టైర్ మిషన్ దిగబడింది. రైతు ఎవరికో ఫోను చేసి, "అన్నా, టైర్ మిషన్‌తోని అయితలేదు, చైన్ మిషన్ పంపు" అన్నాడు. చైన్ మిషన్ వచ్చి అదే మడిలో దిగి సాఫీగా కోసుకుంటూ పోయింది. సాయంత్రం ఇద్దరు పిల్లల్ని టేపు ఇచ్చి పంపించాను. నేల మీద ఆనిన చైను వెడల్పు 45 సెంటీమీటర్లు, పొడవు 160. రెండు చైన్లకు కలిపి 14,400 చదరపు సెంటీమీటర్లు. మిషన్ బరువు మూడు టన్నుల చిల్లర. భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 0.2 కిలో. తర్వాత ఒక పిల్లవాడి పాదం గ్రాఫ్ కాగితం మీద గీసి గడులు లెక్కపెట్టాం, 150 వచ్చాయి. వాడి బరువు 45 కిలోలు. ఒంటికాలి మీద నిలబడితే 0.3 కిలో. అంటే మూడు టన్నుల మిషన్ ఆ పిల్లవాడి ఒంటికాలి కన్నా నేలను తక్కువ నొక్కుతోంది. వాళ్లు నమ్మలేక రెండుసార్లు లెక్క చేశారు.

యుద్ధ ట్యాంకుకు ఇదే లెక్క చదరపు సెంటీమీటరుకు కిలోకు కాస్త తక్కువగా వస్తుంది. కారు టైరులో గాలి 30 పీఎస్ఐ పెడతాం కదా, అది రెండు కిలోలు. కాబట్టి మామూలు నేల మీద ట్యాంకు కారు కన్నా తేలిగ్గా నిలుస్తుంది. కానీ వరి కోసే చైన్ మిషన్ కన్నా నాలుగింతలు ఎక్కువగా నొక్కుతుంది. అందుకే నీళ్లు పెట్టిన చెరుకు తోటలో పాటన్ ఓడింది.

ఈ జత ఎవరికంటే, వ్యవసాయ కుటుంబాల పిల్లలకు, మాట బాగా చెప్పగలిగేవాళ్లకు. ఒక ట్రేలో ఎండిన మట్టి, ఇంకోదాంట్లో బురద పెట్టి, ఒకే బరువు దిమ్మెను సన్న చక్రాల మీద, వెడల్పు పట్టీల మీద నిలిపి చూపించండి. పని చేసేటప్పుడు కష్టం ఒకటుంది. పాటన్ టరెట్ నున్నగా, గుండ్రంగా ఉంటుంది, అట్టతో రాదు. తడి కాగితపు గుజ్జును బోర్లించిన గిన్నె మీద పొరలుగా వేసి ఆరబెట్టాలి, నాలుగైదు రోజులు పడుతుంది.

విజయంత పోయి టి-72 వచ్చింది

ఎక్కువమందికి నేను చెప్పేది ఈ జతే. కారణం, ఇందులో పాతది ఎందుకు పోయిందో కళ్లకు కనిపిస్తుంది.

విజయంత కథ బుడాపెస్ట్‌లో మొదలవుతుంది. 1956లో హంగరీ తిరుగుబాటు జరుగుతున్నప్పుడు ఒక సోవియట్ టి-54 ట్యాంకు అక్కడి బ్రిటిష్ ఎంబసీ ఆవరణలోకి వచ్చింది. దాన్ని పరిశీలించి చూస్తే, తమ దగ్గరున్న 20 పౌండర్ ఫిరంగి ఆ కవచానికి చాలదని తేలింది. దాంతో బ్రిటిష్‌వాళ్లు 105 మిల్లీమీటర్ల ఎల్-7 ఫిరంగి తెచ్చారు. చాలా దేశాలు దాన్నే తమ ట్యాంకులకు బిగించుకున్నాయి. మన విజయంతదీ అదే ఫిరంగి. బ్రిటన్ వికర్స్ కంపెనీ డిజైన్ తీసుకుని మద్రాసు పక్కన ఆవడిలో తయారుచేశారు. ఆవడిలో మొదటి విజయంత 1965 చివర్లో బయటికొచ్చింది. మన దేశంలో తయారైన మొదటి యుద్ధ ట్యాంకు అది. 1971 నాటికి మన సాయుధ దళాల్లో సెంచూరియన్, సోవియట్ టి-55, తేలే ట్యాంకు పీటీ-76లతో పాటు విజయంత కూడా ఉంది.

దాని లోటు దాని ఆలోచనలోనే ఉంది. కవచం ఎంత మందం పెట్టినా కొత్త గుళ్లు చీలుస్తున్నాయి కాబట్టి, కవచం తగ్గించి వేగం, గురి చూసుకుందామన్నది ఆ కాలపు ఆలోచన. బరువు 39 టన్నుల దగ్గర ఆపేశారు. ఇంజను మాత్రం 535 హార్స్‌పవర్, అంటే టన్నుకు 14 లోపే. తేలిగ్గా ఉండి చురుగ్గా ఉండాల్సిన బండికి ఆ ఇంజను చాలలేదు, పైగా సతాయించింది.

టి-72 దీనికి పూర్తిగా వేరే దారి పట్టింది. సోవియట్ ఇంజనీర్లు గుండును లోపలికి పెట్టే మనిషినే తీసేశారు. ఆ పని యంత్రం చేస్తుంది. టరెట్ కింద గుండ్రంగా తిరిగే చట్రంలో 22 గుళ్లు సిద్ధంగా ఉంటాయి. నలుగురు చేసే పని ముగ్గురికి వచ్చింది. నిలబడి గుళ్లు ఎత్తే మనిషి లేడు కాబట్టి పైకప్పు కిందికి దిగింది. కప్పు దిగితే కవచం కప్పాల్సిన చోటు తగ్గింది. అలా మిగిలిన బరువును ముందువైపు కవచానికి, 125 మిల్లీమీటర్ల పెద్ద ఫిరంగికి ఖర్చు పెట్టుకున్నారు. మొత్తం బరువు 41.5 టన్నులే, ఇంజను 780 హార్స్‌పవర్. ఒక్క మనిషిని తీస్తే ఇన్ని మారాయి! నాకు ట్యాంకుల చరిత్రలో అన్నిటికన్నా అందంగా కనిపించే లెక్క ఇదే, క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా విసుగు రాదు.

మోడల్‌లో ఇది ఎంత బాగా కనిపిస్తుందో చూడండి. 1:20 కొలతలో చేస్తే సెంచూరియన్ ఎత్తు 15 సెంటీమీటర్లు, విజయంత 13.5, టి-55 12, టి-72 11. వీలైతే నాలుగింటి పక్క ఆకారాలూ అట్టలో కత్తిరించి వెనక నిలబెట్టండి. చూసేవాళ్లకు మెట్లు దిగుతున్నట్టు కనిపిస్తుంది.

టి-72 వదులుకున్నది కూడా తప్పకుండా చెప్పాలి. గుళ్లు సిబ్బంది కాళ్ల కిందే, చుట్టుపక్కలే ఉన్నాయి. కవచం చీలి నిప్పు లోపలికి వస్తే అవన్నీ ఒక్కసారే అంటుకుంటాయి, టరెట్ ఎగిరి పక్కన పడుతుంది. 1991 గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ టి-72లకు అదే గతి పట్టింది. రెండోది, కప్పు దిగడం వల్ల ఫిరంగి వెనకభాగం పైకి లేవడానికి లోపల చోటు చాలదు. కాబట్టి గొట్టం మూతి కిందికి ఎక్కువ వంగదు. గుట్ట చాటున నిలబడి కిందికి కాల్చాలంటే ట్యాంకు ఎక్కువగా బయటపడాలి. ఈ ముక్క చెప్పిన పిల్లల్ని జడ్జీలు ఆగి మరీ వింటారు.

గొట్టాల్లోనూ తేడా ఉంది. విజయంత గొట్టం లోపల మెలికల గాడులుంటాయి, గుండు తిరుగుతూ పోతుంది. టి-72 గొట్టం లోపల నున్నగా ఉంటుంది. అది వదిలే సన్నటి లోహపు బాణం సెకనుకు ఒకటిన్నర కిలోమీటరు పైగా వేగంతో పోతుంది. దానికి వెనక రెక్కలుంటాయి కాబట్టి తిరగాల్సిన పనిలేదు, తిరిగితే నష్టం కూడా. రెండు పీవీసీ పైపు ముక్కల్ని నిలువుగా కోసి, ఒకదాంట్లో దారం మెలికగా అంటించి చూపిస్తే సరిపోతుంది. 1:20లో 105 మిల్లీమీటర్ల రంధ్రం 5 మిల్లీమీటర్లకు కాస్త పైన, 125 అయితే 6 పైన వస్తుంది. అది కంటికి ఆనదు కాబట్టి ఈ ముక్కలు పెద్దవిగా విడిగా పెట్టండి.

టి-90, అర్జున్: సైన్యమే పోల్చి చూసిన జత

చిన్నప్పుడు కాజీపేట జంక్షన్‌లో టార్పాలిన్లు కప్పిన మిలిటరీ గూడ్సులు చూసేవాళ్లం. ఆవడి నుంచి ఉత్తరానికి పోయే దారి మన మీదుగానే. గొట్టాలు వెనక్కి తిప్పి కట్టేవారు. నాకు బాగా గుర్తున్నది చైన్లు. వ్యాగన్ అంచు దాటి రెండు పక్కలా బయటికి వచ్చి ఉండేవి. ట్యాంకు వెడల్పు, బరువు అంటే యుద్ధభూమిలోనే కాదు, రైలు మీద, వంతెన మీద, కాలవ మీద కూడా లెక్కే. అర్జున్ కథకు ఆ లెక్క చాలా ముఖ్యం.

మన దేశంలోనే రూపొందించిన అర్జున్ ట్యాంకు పథకానికి 1974లో అనుమతి వచ్చింది. సైన్యంలోకి ట్యాంకు చేరింది 2004లో. ముప్పై ఏళ్లు! ఈ లోపు 2001లో రష్యా నుంచి 310 టి-90లకు ఒప్పందం జరిగింది, తర్వాత అవి ఆవడిలోనూ తయారయ్యాయి. టి-90 అంటే టి-72 మార్గంలో తర్వాతి మెట్టు. ముగ్గురే సిబ్బంది, 125 మిల్లీమీటర్ల నున్నటి గొట్టం, 46.5 టన్నులు, 1000 హార్స్‌పవర్. అదే గొట్టం నుంచి ఇన్వార్ క్షిపణిని 5 కిలోమీటర్ల దూరానికి వదలొచ్చు. ఆ క్షిపణులు మన రాష్ట్రంలోనే భారత్ డైనమిక్స్ తయారుచేస్తుంది.

అర్జున్ దారి వేరు. నలుగురు సిబ్బంది, 120 మిల్లీమీటర్ల మెలికల గొట్టం, 58.5 టన్నులు, 1400 హార్స్‌పవర్ జర్మన్ ఇంజను. టన్నుకు 24 హార్స్‌పవర్ దాకా వస్తుంది, టి-90కి 21.5. బరువు ఎక్కువైనా చైన్లు వెడల్పు కాబట్టి నేల మీద ఒత్తిడి పెరగలేదు, చైన్ మిషన్ లెక్క ఇక్కడా పనికొస్తుంది. ఎగుడుదిగుడు నేల మీద పోతూ కాల్చడంలో దాని సస్పెన్షన్‌కు మంచి పేరుంది. 2010లో రాజస్థాన్ ఎడారిలో ఈ రెండింటినీ పక్కపక్కన పరీక్షించారు. 2021లో ప్రభుత్వం 118 అర్జున్ మార్క్-1ఎ ట్యాంకులకు 7,523 కోట్ల ఆర్డరు ఇచ్చింది. వాటి బరువు 68 టన్నులు. ఇంజను అదే, కాబట్టి టన్నుకు 20 చిల్లరకు పడిపోయింది. కాలవలు, వంతెనలు ఎక్కువగా ఉండే పంజాబ్‌లో అంత బరువు కష్టం. ఎడారికి సరిపోతుంది.

అర్జున్ కవచం పేరు కంచన్. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాలలో పుట్టింది, ఆ ఊరి పేరే పెట్టారు. 1973 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో ఒక మనిషి మోయగలిగే క్షిపణులు ట్యాంకుల్ని వరసపెట్టి కాల్చేశాక, ఉత్త ఉక్కు చాలదని ప్రపంచమంతా తెలుసుకుంది. ఉక్కు పలకల నడుమ వేరే పదార్థాల పొరలు పెట్టే కవచాలు అప్పటి నుంచే పట్టు సాధించాయి. మీరు అట్ట, టైలు ముక్క, రబ్బరు షీటు పొరలుగా పెట్టి పక్క నుంచి కోసి చూపించొచ్చు. అసలు పొరల్లో ఏముందన్నది రహస్యం కాబట్టి, ఇది సూత్రం చూపే నమూనా అని చీటీ మీద రాయండి.

ఈ జత ఇంటర్ పిల్లలకు బాగుంటుంది. టెన్త్ లోపు పిల్లలకు వద్దంటాను. జడ్జి "రెండిట్లో ఏది మంచిది?" అని తప్పకుండా అడుగుతారు. "ఏ నేల మీద సార్?" అని తిరిగి అడిగే ధైర్యం, ఆ తర్వాత చెప్పే సత్తా ఉండాలి. చెయ్యడం మాత్రం సులువే. అర్జున్ టరెట్ పలకలు పలకలుగా ఉంటుంది, సన్‌బోర్డుతో ఒక్క ఆదివారంలో అవుతుంది.

ఏఎంఎక్స్-13, జొరావర్: మళ్లీ తేలిక బండి

తరాలు మారేకొద్దీ ట్యాంకు బరువెక్కుతూనే పోతుందని అనుకునేవాళ్లకు ఈ జత చూపించాలి. 1948 నవంబరు 1న కశ్మీర్‌లోని జోజిలా కనుమలో, 11 వేల అడుగుల పైన, మన సైన్యం స్టువర్ట్ తేలిక ట్యాంకులతో శత్రువు మీద పడింది. అంత ఎత్తుకు ట్యాంకులు వస్తాయని ఎదుటివాళ్లు ఊహించలేదు. 1962లో 15 టన్నుల ఏఎంఎక్స్-13లను విమానాల్లో చుషుల్‌కు చేర్చారు. ఆ తర్వాత తేలిక ట్యాంకులు మన దగ్గర మెల్లగా మాయమయ్యాయి. 2020 ఆగస్టులో లద్దాఖ్‌లో మన టి-72లు, టి-90లు కైలాస్ శిఖరాలు ఎక్కాయి. ఎక్కాయి కానీ, పలచటి గాలిలో 40 టన్నుల పైబడ్డ బండ్లను నడపడం ఎంత శ్రమో అక్కడే తెలిసింది. ఆ అవసరంలోంచి జొరావర్ వచ్చింది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ, ఎల్ అండ్ టీ కంపెనీ కలిసి తయారుచేసి 2024 జులైలో గుజరాత్‌లోని హజీరాలో చూపించాయి. 25 టన్నులు, 105 మిల్లీమీటర్ల ఫిరంగి. విజయంతదీ 105 మిల్లీమీటర్లే కదా, పెద్దది వచ్చాక పోయిన కొలత కొండల మీదికి మళ్లీ తిరిగొచ్చింది.

వారం రోజులే టైమున్న పిల్లలకు, ఒక్కడే పనిచేసేవాడికి ఈ జత మేలు. రెండూ చిన్నవి, వెనక థర్మకోల్ కొండ పెడితే సగం కథ అదే చెబుతుంది.

కొందరు "మెదక్ ఫ్యాక్టరీ ట్యాంకు చేస్తం సార్" అని వస్తారు. ఎద్దుమైలారంలో తయారయ్యే శరత్ ట్యాంకు కాదు. సైనికుల్ని లోపల కూర్చోబెట్టుకుని పోయే పోరాట వాహనం, ఫిరంగి 30 మిల్లీమీటర్లు, నీళ్ల మీద తేలుతుంది. మన రాష్ట్రపు బండి అన్న ప్రేమతో చేస్తే సంతోషమే, చీటీ మీద మాత్రం ట్యాంకు అని రాయొద్దు.

ఏ జత ఎంచుకున్నా, అంటించే ముందు చక్రాలు లెక్కపెట్టండి. టి-55కు అయిదు, మొదటి దానికీ రెండో దానికీ మధ్య కాస్త ఎడం ఉంటుంది. విజయంత, టి-72, టి-90లకు ఆరు. అర్జున్‌కు ఏడు. ట్యాంకులు తెలిసిన జడ్జి ముందు చూసేది అక్కడే. ఫెవికాల్ ఆరాక పీకి మళ్లీ పెట్టాలంటే అట్ట చిరుగుతుంది, కాబట్టి ముందు పెన్సిలుతో గీసుకుని, కొలత చూసుకుని, అప్పుడు కత్తెర పట్టండి.